బిందెలు వాపస్, బంగారం మాఫీ

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఒక సంసారం తెగిందని ఊరికి ముందుగా చెప్పేది అత్తగారింటి ముందు ఆగిన ట్రాలీ ఆటో. మంచం, బీరువా, కూలర్, స్టీలు బిందెలు, మిక్సీ పెద్దమనుషులు దగ్గరుండి ఎక్కిస్తారు. మిక్సీ జారు మూత కనిపించకపోతే పంచాయితీ ఆగిపోతుంది. మూత దొరుకుతుంది. పెళ్లినాడు పెట్టిన పది తులాల ఊసెత్తితే మాత్రం, "అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా" అని అందరికీ ఒక్కసారే వైరాగ్యం పుడుతుంది.

తర్వాత ఇడుపు కాయితం. లెక్కలన్నీ చెల్లు అని స్టాంపు పేపరు మీద రాసి, సాక్షి సంతకాలు పెట్టి, చాయ్ తాగుతారు. అలా విడిపోయే ఆచారం ఆ కులంలో ఉందని రుజువైతేనే హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆ విడాకులను గుర్తిస్తుందన్న సంగతి చాయ్ వేళ ఎవరికీ గుర్తురాదు.

ఇంతకీ బంగారం ఎటు పోయింది? ఈ మెట్ట నేలలో దానికి సిద్ధంగా ఉన్న జవాబు: "బోర్లు ఏసినం, నీళ్లు పడలే." కరువు నిజమే, ఎండిన బోర్లూ నిజమే. బోరు వేసిన పొలం పాసుబుక్కు మాత్రం భర్త పేరు మీదే ఉంటుంది. నష్టంలో ఆమెకు పూర్తి వాటా, పట్టాలో సున్నా.

ఈ జవాబు సుప్రీంకోర్టు దగ్గర చెల్లదు. స్త్రీధనం భార్య సొంతమని, భర్త చేతిలో ఉన్నా అది ఆమె అప్పగించిన సొత్తేనని, తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం నేరమని ప్రతిభారాణి కేసులో 1985లోనే చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కేరళ కేసొకటి తేల్చింది. తొలిరాత్రే 'భద్రం' కోసం అత్తగారి చేతికి చేరిన 89 సవర్ల నగలు పాత అప్పులకు కరిగిపోయాయన్నది భార్య ఫిర్యాదు. కష్టకాలంలో వాడుకోవచ్చు గానీ తిరిగిచ్చే బాధ్యత భర్తదేనని చెప్పి, కోర్టు 25 లక్షలు కట్టమంది.

"పెట్టినట్టు రుజువేది?" అన్నది పంచాయితీలో చివరి అస్త్రం. రాతకోతలు తెలియని ఊరా అంటే, పెళ్లిపందిట్లో నోట్‌బుక్ పెట్టుకుని కట్నాలు రాసుకునే ఊరు! ఫలానా మేనమామ 516, ఫలానా బావ ఇత్తడి బిందె అని మైకులో చదువుతారు. కానుకల జాబితా విలువతో సహా రాసి వధూవరులు సంతకం చేయాలన్న నిబంధన 1985 అక్టోబర్ 2 నుంచి ఉంది. దాన్ని పాటించిన పందిరి ఎక్కడుందో వెతుక్కోవాలి. అడిగి తీసుకున్నది రాస్తే నేరం బయటపడుతుందని ఒక భయం, రాయకపోతే ఎగ్గొట్టొచ్చన్న ఒక ధీమా. కట్నంగా పుచ్చుకున్నదైనా 3 నెలల్లో అమ్మాయికి అప్పగించాలని వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చెబుతుందని ఎవరైనా అంటే నవ్వుతారు.

పుట్టింటివారూ తక్కువ తినలేదు. 1999లో పెళ్లయి, అమెరికాలోని మిస్సోరిలో 2016లో అన్నీ తేల్చుకుని విడిపోయి, 2018లో మళ్లీ పెళ్లి చేసుకున్న కూతురి 40 కాసుల కోసం ఒక తెలుగు తండ్రి 2021లో హైదరాబాద్‌లో కేసు పెట్టాడు. నగలు నీవి కావు, ఆమె నిన్ను అడగమనలేదు అంటూ 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. ఇక అన్నదమ్ములు. తిరిగొచ్చిన చెల్లెలు భూమిలో భాగం అడిగితే "నీ భాగం కట్నంలో పోయింది" అంటారు. ఆ కట్నం బోరుబావిలో పోయిందని బావగారు అప్పటికే చెప్పి ఉంటారు. ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డకు జన్మహక్కునిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ వర్తించేది కూడా 1985 నుంచే. 2005లో దేశమంతటికీ వచ్చింది.

ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు నగల బిల్లు అమ్మాయి పేరనే రాయించండి. కానుకల జాబితా మీద ఇద్దరి సంతకాలూ తీసుకోండి. పెళ్లికూతురి జాబితా పెళ్లికూతురి దగ్గరే ఉండాలని నిబంధనలోనే ఉంది.