లెగ్ డే సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:

కాకా, రేపు లెగ్ డే. పొద్దుగాల ఆరింటికి. లోచో తిని రాకుండ్రి.

అవతారిక:

సూరత్ పర్వత్ పాటియాలో గ్రే తాకాలు, అనగా రంగు వెయ్యని బట్ట చుట్టలు, కొని అమ్ముకునే ఒకానొక యాభై మూడేళ్ళ గృహస్థుడికి అతని ట్రైనర్ శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్‌లో అనుగ్రహించిన సూత్రమిది. ఆ గృహస్థుణ్ణి నేనే. దక్షిణాసియా మగవాళ్ళకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటకూడదని వైద్యులు గీత గీశారు. నా టేపు ఆ గీత దాటి చాలా దూరం ప్రయాణించింది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కొలచాల మల్లినాథసూరి మా మెదక్ వైపువాడే. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని రాసిన మహానుభావుడు. అంత నిగ్రహం నాకు లేదు. ఉంటే ట్రైనర్ ఎందుకు?

ప్రతిపదార్థం:

కాకా = ఓ చిన్నాయనా. ఇది సంబోధన. కరీంనగర్‌లోనూ కాకే, గుజరాతీలోనూ కాకే. తెలంగాణవాడు ఈ ఊళ్ళో నిఘంటువు లేకుండా వాడుకోగల మాటల్లో మొదటిది. మూలకర్త లింబాయత్‌లో పుట్టిన కుర్రాడు. తండ్రి మగ్గాల కోసం కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన పద్మశాలి. సూరత్ నగరపాలిక నడిపే బడుల్లో తెలుగు మీడియం బడులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో చదివాడు గనక ఈ సూత్రం తెలుగు అక్షరాల్లో ఉంది. అయితే ఈ 'కాకా'లో చుట్టరికం కన్నా అధికారం ఎక్కువ. ఇరవై ఆరేళ్ళవాడు 'కాకా' అని 'కిందికి' అంటే యాభై మూడేళ్ళవాడు కిందికి వెళ్తాడు.

రేపు = ఆదివారం. శుక్రవారం నేను ఎగ్గొట్టిన క్లాసుకు బదులు అని అధ్యాహారం చేసుకోవాలి.

లెగ్ డే = కాళ్ళ దినం. 'దినం' అనగానే తెలుగువాడికి స్ఫురించే రెండో అర్థం ఇక్కడ వివక్షితం కాదు. సోమవారం మెట్లు దిగేటప్పుడు మాత్రం అదే సరైన అర్థమనిపిస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. కాళ్ళే ఎందుకు? మనం తిన్న అన్నంలోని చక్కెరలో పెద్ద వాటా వెళ్ళి చేరేది కండరాల్లోకి. ఒంట్లో పెద్ద కండరాలు తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉన్నాయి. గద్దె మీద కూర్చుని ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసినవాడికి ఆ గోదాములకు తాళం పడి ఉంటుంది. సరుకు వీధిలోనే, అనగా రక్తంలోనే, నిలిచిపోతుంది. వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఒంటిని కదిలించడంతో పాటు కనీసం 2 రోజులు కండరాలకు పని పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నేను మొదటి సగం విని ఊరికే నడుస్తూ ఉండిపోయాను. రెండో సగం ఈ కుర్రాడు వినిపించాడు.

శంక: స్క్వాట్ అంటే కూర్చుని లేవడమే గదా. మన తాతలు తీసిన బస్కీలే గదా. దానికి గురువెందుకు? ఫోన్‌లో వెయ్యి వీడియోలున్నాయి.

సమాధానం: ఈ శంక నాకూ కలిగింది. కలిగి, ఊరుకోక, ఇంట్లోనే వీడియో పెట్టుకుని, రెండు చేతుల్లో రెండు నీళ్ళ డబ్బాలతో దాన్ని నివృత్తి చేసుకోబోయాను. నాలుగు రోజులు నడుము వంగలేదు. వంగిన నడుము లేవలేదు. వీడియోలోవాడు నాకు బాగానే కనిపించాడు. వాడికి నేను కనిపించలేదు.

మా వ్యాపారంలో ఈ సంగతి అందరికీ తెలిసిందే. మగ్గం నడిపేవాడు ఎంత ఆరితేరినవాడైనా, తాకా దిగాక దాన్ని వేరే మనిషి చూడాలి. కింద దీపం వెలిగే గాజు బల్ల మీద గుడ్డను లాగుతూ ఉంటాడు ఆ మనిషి. ఎక్కడ పేక పోగు తప్పిందో, ఎక్కడ నూనె మరక పడిందో అక్కడ అతని చెయ్యి దానంతటదే ఆగుతుంది. నేసినవాడి కళ్ళకు లోపం లేదు. నేసేటప్పుడు అతను మగ్గాన్ని చూస్తాడు, గుడ్డను కాదు. స్క్వాట్ చేసేటప్పుడు నేను చూసేది నా బాధను, నా వీపును కాదు.

మొదటి రోజు మా వాడు బరువులేవీ ముట్టుకోనివ్వలేదు. చీపురు తీసేసిన ఒక కర్ర తెచ్చి నా వెన్ను మీద నిలువుగా పెట్టాడు. తల వెనక ఒకచోట, భుజాల మధ్య ఒకచోట, నడుము కింద త్రికాస్థి దగ్గర ఒకచోట అది తగలాలి. "ఈ మూడింట్ల ఒక్కటి ఇడిసినా నడుం పోతది కాకా" అని వంగమన్నాడు. సగం వంగేసరికి తల దగ్గర కర్ర గాల్లోకి లేచింది. మళ్ళీ. ఈసారి కింద లేచింది. పదకొండోసారికి మూడు చోట్లా నిలిచింది. తర్వాత స్టూలు వేసి, దాని మీద కూర్చోబోయి కూర్చోకుండా లేవమన్నాడు. మోకాళ్ళు లోపలికి వాలుతుంటే తన చిటికెన వేలితో బయటికి నెట్టాడు. మడమలు లేస్తుంటే నా పాదాల ముందు గొంతుక్కూర్చుని వాటినే చూస్తూ ఉన్నాడు. నా మడమల కేసి ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు మా అమ్మ తర్వాత ఎవరూ లేరు.

పొద్దుగాల ఆరింటికి = సూర్యోదయ కాలమందు. వాచ్యార్థం చాలా తేలిక. ధ్వని వేరే ఉంది.

శంక: అలారం కూడా ఆరింటికే మోగుతుంది గదా.

సమాధానం: అలారానికి కోపం రాదు. ఆరింటికి నేను వెళ్ళకపోతే సగం ఎత్తిన షట్టరు కింద, చెప్పులు బయట విడిచి, స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఫోను చెయ్యడు, తిట్టడు. కూర్చుంటాడు. దుప్పటి లోపల ఆ స్టూలు నాకు కనిపిస్తూ ఉంటుంది. ట్రైనర్ వల్ల లాభమేమిటని అడిగే మిత్రులకు నేను చెప్పేది ఈ స్టూలు సంగతే. 2000లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఒకే వ్యాయామ పట్టికను రెండు జట్లకు 12 వారాలు ఇచ్చారు. ఒక జట్టుకు పక్కన చూసేవాడున్నాడు, రెండో జట్టుకు లేడు. చూసేవాడున్న జట్టు బరువులు త్వరగా పెంచుకుంది, స్క్వాట్‌లోనూ బెంచ్ ప్రెస్‌లోనూ ఎక్కువ బలం తెచ్చుకుంది. పట్టిక అదే, ఇనుము అదే.

ఈ సంగతి మనవాళ్ళకు కొత్తా? హైదరాబాదు గల్లీల్లో తాలీంఖానాలుండేవి, ఉస్తాదు ఎదుట లేకుండా పిల్లవాడు మట్టిలో దిగేవాడు కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు (1882–1942) ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసు తెంచాడని అందరూ చెబుతారు. సర్కసు పెట్టకముందు ఆయన విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పాడన్నది ఎవరికీ గుర్తుండదు. నాకు గొలుసు కన్నా ఆ కొలువే పెద్దదనిపిస్తుంది.

లోచో = నానబెట్టి రుబ్బిన శనగపప్పు ముద్దను ఆవిరి మీద ఉడికించి, ముక్కలుగా కోయకుండా గీరి పళ్ళెంలో వేసి, పైన నూనెనో వెన్ననో పోసి, సేవ్, ఉల్లిపాయ, పచ్చ చట్నీ చల్లిన సూరత్ వారి ప్రాతఃకాల నైవేద్యం. ఖమణ్ చెయ్యబోతే చెడిపోయి ఇది పుట్టిందని ఊళ్ళో చెప్పుకుంటారు. గుజరాతీలో 'లోచో' అంటే గందరగోళం, తిరకాసు. కనుక ఇక్కడ శ్లేషాలంకారం: లోచో తిని రావద్దు, లోచో పెట్టుకుని రావద్దు. రెండో అర్థంలో శుక్రవారం నేను పంపిన "బంధువులొచ్చారు" అనే మెసేజి స్ఫురిస్తున్నది. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని ఇక్కడి సామెత. కాశీ టికెట్టు ఇంకా తీయలేదు గనక మొదటి సగాన్ని నేను ఇన్నాళ్ళూ మనస్ఫూర్తిగా పాటించాను. పైగా రేపు ఆదివారం. సూరత్‌లో ఆదివారం పొద్దున లోచో వద్దనడానికి గుండె కావాలి. అయినా నూనె నిండిన కడుపుతో కిందికి కూర్చుంటే లోచో పైకి చూస్తుందని అనుభవజ్ఞుల మాట.

పాఠాంతరం: మా ఆవిడ ఈ వాక్యాన్ని "లోచో తినకుండ్రి" అని చదివి, ఫ్రిజ్ తలుపు మీద కాయితం అంటించింది. 'తిని రాకుండ్రి' అంటే వచ్చాక తినవచ్చని వ్యాకరణం చూపించాను. ఆమె వ్యాకరణానికి లొంగే మనిషి కాదు.

తాత్పర్యం: ఇంత రాశాక తాత్పర్యం ఎందుకు? ఒక్క మాట మిగిలింది, చెప్పేస్తాను. పొడి డబ్బాలు అంటగట్టేవాడు, నెలలో ఆరు పలకల పొట్ట అనేవాడు ఉస్తాదు కాడు, దుకాణదారు. ఇంకో సంగతి నన్ను కొంచెం ఇబ్బంది పెడుతుంది. మా వాడి తండ్రిది లూమ్ ఖాతాలో, అనగా మగ్గాల కార్ఖానాలో, పన్నెండు గంటల పాళీ, మగ్గాల మధ్య నిలబడే, తిరుగుతూనే. ఆయనకు లెగ్ డే ప్రత్యేకంగా రాదు. ఒకరోజు జిమ్ము గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. చూసి కొడుకుతో అన్నాడు: "కూసున్నోళ్ళను లేపుడు, లేసినోళ్ళను కూసోబెట్టుడు. గిదొక నౌకరి." స్క్వాట్‌కు ఇంతకన్నా చక్కని లక్షణం ఏ లాక్షణికుడూ చెప్పలేదు. కొడుకు నవ్వాడు. నేను కింద ఉన్నాను, నవ్వలేకపోయాను.

శేషం: ఈ వ్యాఖ్య రాస్తూ రాస్తూ పది దాటింది. మూలకర్తకు ఒక సందేహం పంపాను: "మరి ఖాళీ కడుపుతో రావాలా? అరటిపండు?"

జవాబొచ్చింది: "ఒకటి."

దీనికి టీక లేదు.