వెన్నుపాము మీద నెపం

సర్వపిండి మొదటి వాయి ఎవరైనా చేస్తారు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కారం కలిపి, సర్వ లోపల పలచగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, బొక్కకో చుక్క నూనె వేసి మూత పెడితే అయిపోయింది. తిప్పలంతా రెండో వాయితోనే. అప్పుడే పొయ్యి మీది నుంచి దించిన సర్వలోనే మళ్లీ చేత్తో పిండి ఒత్తాలి. అందుకని సర్వను బోర్లించి, అడుగు మీద నీళ్లు పోసి చల్లారుస్తారు. హనుమకొండలోని మా ఇంట్లో ఈ నీళ్ల శాఖ నాకు దక్కింది. బాధ్యతలు స్వీకరించిన రోజే సర్వను కింద పడేశాను. ఇత్తడిది, పైగా అత్తగారింటి నుంచి సారెలో వచ్చింది. పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు. సర్వకు సొట్ట పడ్డది.

అంతకుముందే నా ఖాతాలో చాయ్ గ్లాసులు, పాలగిన్నె మూతలు చాలానే ఉన్నాయి. ఈసారి మాత్రం ఊరికే తిట్లు తినదలచుకోలేదు. మా బిడ్డ కాకతీయ మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నది. దాని ఫిజియాలజీ పుస్తకం తెరిచి వాదన మొదలుపెట్టాను.

"తప్పు నాది కాదు, వెన్నుపాముది" అన్నాను. వేళ్లకు వేడి తగలగానే చర్మంలోని నరాల కొసలు మెడ దగ్గర వెన్నుపాముకు కబురు పంపుతాయి. చెయ్యి మడిచే కండరాన్ని బిగుసుకొమ్మని, చాపే కండరాన్ని వదులు కమ్మని అక్కడి నుంచే ఆర్డరు వస్తుంది. కలెక్టరు సంతకం దాకా పోకుండా తహసీల్దారే పని ముగించి, పైకి సమాచారం కోసం ఒక కాపీ పంపినట్టన్నమాట. కాలిందని నాకు తెలిసేసరికే చెయ్యి వెనక్కి వచ్చేసింది. సంఘటనా స్థలంలో లేని మనిషి మీద కేసేమిటి?

మా ఇంటామె పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే అడిగింది: "మరి నాకు లేదా గా పాము?"

ఇక్కడ మా బిడ్డ పార్టీ మార్చింది. నేను ఆపేసిన పేజీకి తర్వాతి పేజీ చదివి వినిపించింది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారులున్నాయట. ఈ ప్రతిచర్యను అవి పెంచనూ గలవు, అణచనూ గలవు. చేతిలో ఉన్నది పడితే నష్టమని ముందే తెలిస్తే, కాలుతున్నా పట్టు వదలకుండా ఆపగలవు. "అమ్మకు సర్వ విలువ తెలుసు డాడీ" అన్నది.

అప్పుడు చూశాను ఆమె చేతుల్ని. సగమే చల్లారిన సర్వలో పిండి ఒత్తుతున్నది. వేళ్లు ఒకచోట నిలవడం లేదు. రెండు ఒత్తులు ఒత్తి వేళ్లను నీళ్లగిన్నెలో ముంచుతున్నది, మళ్లీ ఒత్తుతున్నది. కింది పెదవి పళ్ల కింద బిగించి ఉంది. అంటే కాలుతూనే ఉన్నది. వంట చేసి చేసి ఆడవాళ్ల చేతులు వేడికి అలవాటు పడిపోతాయని ఇన్నేళ్లూ నమ్ముతూ వచ్చాను. నాకు బాగా వీలైన సిద్ధాంతం అది.

వాదనలో ఓడినవాణ్ని పరీక్షకు కూర్చోబెట్టారు. మా బిడ్డ కొత్తగా కొన్న సుత్తె తెచ్చి, నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, మోకాలిచిప్ప కింద కొట్టింది. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ డాక్టర్లు ఎవరికి వారుగా ప్రకటించిన పరీక్ష ఇది. దెబ్బకు తొడ ముందరి కండరం రవ్వంత సాగుతుంది. ఆ కండరంలో కదురు ఆకారంలో కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న గ్రాహకాలుంటాయి. సాగిందన్న వార్తను అవి సెకనుకు దాదాపు వంద మీటర్ల వేగంతో మోసే నరాల మీద వెన్నుపాముకు పంపిస్తాయి. కండరం బిగుసుకొని కాలు ముందుకు ఎగురుతుంది.

నా కాలు ఎగరలేదు.

"కూరగాయలకు పొమ్మంటే గూడ గట్లనే ఉంటది" అన్నది మా ఇంటామె.

బిగపట్టుకొని కూర్చున్నందువల్ల అలా అవుతుందట. దానికీ మందు ఉంది. రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించి చెరో దిక్కు గుంజమన్నది. యెండ్రాషిక్ అనే హంగేరీ డాక్టరు కనిపెట్టిన ఉపాయం. పళ్లు బిగబట్టి గుంజాను. సుత్తె పడింది. కాలు లేచి ఎదుటి స్టూలు మీది చాయ్ గ్లాసును తన్నింది. దీన్ని కూడా నా ఖాతాలోనే రాశారు.

న్యాయంగా చెప్పాలంటే ఆ కదుర్లు నాకు చాలా సేవ చేస్తున్నాయి. ఏ కీలు ఎంత వంగిందో, ఏ చెయ్యి ఎక్కడుందో చూడకుండానే తెలియడం ప్రధానంగా వాటి చలవే. షెరింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1906లో ఈ సంగతికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. ప్రతిచర్యల మీద, నరాల మీద చేసిన పనికి 1932లో ఆడ్రియన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. కరెంటు పోయినా సర్వపిండి ముక్క నా నోటికి గురి తప్పదంటే ఆయన పేరు పెట్టిన శక్తే. అయితే బరువు దగ్గర మాత్రం మెదడు ముందే లెక్క వేసుకుంటుంది. 14.2 కిలోల గ్యాసు నిండుగా ఉందనుకొని సిలిండరు ఎత్తబోయాను. అది ఖాళీది. కండరాల నుంచి, వాటి కొసల్లో బిగువును కొలిచే గ్రాహకాల నుంచి సవరణ కబురు వచ్చేలోపే వెనక్కి తూలి బియ్యం డబ్బా మీద కూర్చున్నాను. మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదు.

ఇక వెయ్యిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడికి మే నెల మిట్టమధ్యాహ్నం పోదామన్న ఆలోచన నాదే. చెప్పులు విడిచి రాతి పరుపు మీద కాలు పెట్టగానే కుడికాలు దానంతటదే లేచింది. ఒక కాలు లేస్తే మనిషి పడిపోకుండా రెండో కాలు బిగుసుకొని ఒళ్లంతా మోయాలి. వెన్నుపాములో ఆ ఏర్పాటు కూడా ఉంది. మేకు గుచ్చుకున్నప్పుడు భేషుగ్గా పనిచేస్తుంది. నేల మొత్తం కాలుతుంటే మాత్రం, బరువు మోసే కాలు కూడా కాలి అదీ లేస్తానంటుంది. అది లేవాలంటే ఇది దిగాలి. నేను ఆ లెక్కన గెంతుతూ నంది దాకా పోతుంటే, నీడలో కూర్చున్న పిల్లలు పేరిణి నేర్చుకుంటున్నానేమో అన్నట్టు చూశారు.

మా ఇంటామె మాత్రం తాపీగా నడిచి వచ్చింది. ఈమె మెదడు కాళ్ల దాకా కూడా ఆర్డర్లు వేస్తుందా అని కిందికి చూశాను. కాళ్లకు మందపాటి సాక్సులు.

"నాక్కూడా ఒక జత తేవద్దా?" అన్నాను, ఎడమకాలి మీదున్నప్పుడు.

"నీకెందుకు? వెన్నుపాము ఉన్నది గదా!" అని గుళ్లోకి పోయింది.