మనిషిని చూసి వినే చెవులు

మన నగరం చెవులు మహా చిత్రమైనవి. బరాత్ డీజే బాక్సులకు కిటికీ అద్దాలు ఊగిపోతున్నా వినపడదు. గల్లీ లీడరు పుట్టినరోజుకు అర్ధరాత్రి పేల్చే లడీలూ వినపడవు. జీతం రాని అంగన్‌వాడీ టీచరు మైకు పట్టుకుని ‘మా సంగతేంటి?’ అనగానే మాత్రం గూబలు గుయ్యిమంటాయి. ప్రశాంతంగా బతికే హక్కు, రాజ్యాంగం 21వ అధికరణ అప్పటికప్పుడు గుర్తొస్తాయి.

హైదరాబాద్ ఇందిరా పార్కు ధర్నా చౌక్ మీద 2017లో కేసీఆర్ సర్కారువారికి పట్టుకున్నది ఈ చెవిపోటే. స్థానికులకు ఇబ్బంది, ట్రాఫిక్‌కు అడ్డం, కాబట్టి ఊరి బయటికి పోయి అరుచుకోండి అన్నారు. గండిమైసమ్మ, జవహర్‌నగర్, శంషాబాద్ లాంటి చోట్లు చూపించారు. శంషాబాద్‌లో గోడు చెప్పుకుంటే విమానాలైనా వింటాయని కాబోలు!

ఆ ఏడాది మే 15న అసలు తమాషా జరిగింది. చౌక్ ఉండాలని ప్రతిపక్షాలు, ప్రజాసంఘాలు ఒకవైపు. వద్దే వద్దని ‘స్థానికులు’ ఇంకోవైపు. ధర్నాలు వద్దని చెప్పడానికి ఈ స్థానికులు ఎంచుకున్న మార్గమేమిటయ్యా అంటే, ధర్నా! ప్లకార్డులు, నినాదాలు, దేనికీ లోటు లేదు. ఆ ప్లకార్డులు పట్టుకున్నవాళ్లలో మఫ్టీ పోలీసులూ ఉన్నారని పత్రికలు ఫొటోలతో సహా రాశాయి. డ్యూటీ అక్కడే కనక వాళ్లూ స్థానికులే, తప్పు పట్టలేం.

2018 నవంబరులో హైకోర్టు జోక్యంతో చౌక్ మళ్లీ తెరుచుకుంది. 2021 నవంబరు 18న వడ్ల కొనుగోలు కోసం అక్కడే మహాధర్నాకు కూర్చున్నది సాక్షాత్తు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్. వెంట మంత్రులు, ఎమ్మెల్యేలు. కాలనీవాసుల కర్ణభేరులు ఆ నాలుగేళ్లలో బాగా గట్టిపడి ఉండాలి.

ఢిల్లీలోనూ ఇదే వరస. జంతర్ మంతర్ దగ్గర నిరసనలు ఆపమని 2017లో హరిత ట్రిబ్యునల్ అంటే, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు పూర్తి నిషేధం కుదరదంది.

అలాగని కాలనీవాసుల హక్కు ఉత్తిది కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. అంతకు పది దాటితే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు మోగకూడదు. పండగలకైతే ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చుకోవచ్చు. ధర్నాకు ఆ భాగ్యమూ లేదు. ఇక పబ్లిక్ న్యూసెన్స్‌కు పాత శిక్షాస్మృతిలో జుర్మానా 200 రూపాయల దాకా, కొత్త న్యాయ సంహితలో 1000 దాకా. డీజే అద్దె ముందు అదెంత, టిప్పు!

రాత్రి పదకొండింటికి బరాత్ మీద 100కు ఫోన్ చేసి చూడండి. ‘పెద్దోళ్ల పెళ్లి సార్, కొంచెం సర్దుకోండి’ అంటుంది అవతలి గొంతు. ధర్నావాళ్లతో సర్దుకోమని మనకు ఎవరూ చెప్పరు, వాళ్లను ఎత్తి వ్యాన్‌లో వేస్తారు.

కాబట్టి అయ్యా, అమ్మా, ఫిర్యాదు తప్పకుండా రాయండి. మైకు ఎవరిదన్న చోట ఖాళీ వదిలి పది జిరాక్సులు తీయించండి. మొదటిది ధర్నా మీదే పెట్టండి, అభ్యంతరం లేదు. మిగతా తొమ్మిదీ మీ ఎమ్మెల్యే గారి సన్మాన సభకు, ఫంక్షన్ హాలుకు, ఊరేగింపుకు దాచండి. అవి వాడే ధైర్యం లేకపోతే మొదటిదీ చింపేయండి.