పద్యం అడ్డురాని ప్రబంధం

కళాపూర్ణోదయం చదివినవారంతా తమ అనుభూతులను లోకానికి పంచిపెట్టాలన్న ఉత్సాహం ఇప్పుడు ఎంతగా ముదిరిందంటే, పింగళి సూరన 16వ శతాబ్దంలో ఎనిమిది ఆశ్వాసాలుగా, అంటే ఎనిమిది ప్రకరణాలుగా, రాసిన ఈ ప్రబంధాన్ని అంకితం పుచ్చుకున్న నంద్యాల కృష్ణమరాజు కూడా ఇంతగా సంబరపడి ఉండడు. ఇది ప్రపంచంలోనే తొలి నవల అని ఒకరు ప్రకటించారు. 11వ శతాబ్దపు జపాను గెంజి గాథ మాటేమిటని వారిని అడగడం మర్యాద కాదు. కొలంబియా నవలాకారుడు మార్క్వెజ్ కన్నా ముందే మాజిక్ రియలిజం అంటూ మరొకరు సూరనకు ఆ దేశపు పౌరసత్వం ఇప్పించారు. ఇక కథలో, నగలతో ముస్తాబై వచ్చినప్పుడు పట్టించుకోకుండా, తోటపనిలో చెమటోడుస్తున్నప్పుడు సుగాత్రిపై మనసుపడ్డ శాలీనుడు టాక్సిక్ భర్తా కాదా అన్నది ఇంకా తేలలేదు.

వీటన్నిటినీ మించిన మెచ్చుకోలు ఒకటుంది: ఇది పద్యకావ్యమన్న సంగతే గుర్తురాలేదట, అచ్చం వచనంలాగే సాగిపోయిందట. పులిహోర తిని పులుపే తగల్లేదని వంటవాణ్ణి పొగిడినట్టుంది ఈ వరస. చంపకమాల అనే వృత్తంలో పాదానికి 21 అక్షరాలుంటాయి. పాదం మొదటి అక్షరంతో 11వ అక్షరానికి మైత్రి కుదరడం యతి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో అదే హల్లు నిలవడం ప్రాస. ఇన్ని కట్టుబాట్లకు లోబడి, ఎక్కడ వచనంలోకి దిగాలో, ఎక్కడ సీసం ఎత్తుకుని దాన్ని తేటగీతితోనో ఆటవెలదితోనో ముగించాలో తూచి తూచి నడిచిన కవికి, నాలుగు శతాబ్దాలు దాటాక దక్కిన బిరుదు, ఆ నడక ఎవరి కంటా పడలేదన్నదే.

కొందరు ఇంకో మెట్టెక్కి, పద్యం కథావేగానికి అడ్డురాలేదని సూరనను క్షమించేశారు. అడ్డురావడమే ఇక్కడ పద్యం పని కావచ్చునన్న అనుమానం వారికి కలగలేదు. బ్రహ్మ ఏకాంతంలో సరస్వతికి చెప్పిన కథే భూమ్మీద మనుషుల బతుకుగా జరిగిపోవడం, పసికందు మధురలాలస నోరువిప్పి పూర్వకథను చెప్పడం వంటి ముడులున్నచోట చదువరి పరుగెత్తితే ఏ ముడీ కనబడదు. సమాసం దగ్గర ఆగి అన్వయాన్ని, అంటే ఏ మాట ఏ మాటతో కలుస్తుందో దాన్ని, వెతుక్కున్నవాడికే, ఎప్పుడో వెనక విన్న మాట ఇక్కడికి వచ్చి ఫలించిందని తడుతుంది. విక్రమ్ సేఠ్ 1986లో వెలువరించిన ‘ది గోల్డెన్ గేట్’ అనే పద్యనవలలో కృతజ్ఞతలను, విషయసూచికను సైతం పద్యంలోనే పెట్టడం ఇటువంటి చదువరులు తప్పించుకుపోకుండా ఉండడానికే కాబోలు.

పద్యం గుర్తురాకపోవడానికి కారణం సూరన నేర్పు కాదు, వీరు చదివినది పద్యం కాకపోవడం. చదివినది తాత్పర్యం, లేదా ఎవరో శ్రమపడి వచనంలో తిరగచెప్పిన కథ. అది చదవడంలో తప్పేమీ లేదు, చాలామందికి దారి అదే. కానీ దాన్ని చదివి పద్యం మీద తీర్పు చెప్పడం పచ్చి మోసం, ఆ తీర్పును అనుభూతి అని పిలవడం ఇంకా పెద్ద మోసం. విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో ఈ కావ్యాన్ని ఎత్తి నిలిపినప్పుడు, కాదన్నవారితో తలపడడానికి సిద్ధపడి, మూలాన్ని ముందు పెట్టుకుని వాదించాడు. నేటి అనుభూతికర్తలను ఒక్క సీసపద్యం పైకి చదివి వినిపించమంటే గొంతు పట్టేస్తుంది, అయిదింటికి నాలుగున్నర నక్షత్రాలు వేసే చేయి మాత్రం తొణకదు.

ఇదే ఉత్సాహం రేపు సూరన రాసిన రాఘవపాండవీయం మీదికి మళ్లవచ్చు. అది ద్వ్యర్థి కావ్యం, అంటే ఒకే పద్యం ఒక విరుపుతో రామకథగానూ మరో విరుపుతో పాండవుల కథగానూ నడిచే రచన. పద్యం అడ్డురాలేదని అక్కడ కూడా చెప్పబోయేవారు, తాము చదివినది రామాయణమో భారతమో ముందుగా తేల్చుకుని రావాలి.