చెడ్డీ తడవకపోతే చాక్లెట్టా?

ఏమ్మా, ఏం నాయనా, మీ ఇళ్లలో ఫ్రిజ్ తలుపు మీద ఏం అంటిస్తారు? నరసరావుపేటలో మా ఇంట్లో మాత్రం మూడేళ్లు నిండని మనవడి దొడ్డి లెక్క అంటించి ఉంది. ఉచ్చ వస్తోందని ముందు చెప్తే నీలం చుక్క, కుండీ మీద కూర్చుని దొడ్డికి వెళ్తే బంగారు చుక్క. అవి ఓ వరస నిండితే బొమ్మ కారు. మధ్యలో నీరసపడకుండా చాక్లెట్లు. మా నాన్న మిరప కాటాల లెక్క కూడా ఇంత శ్రద్ధగా రాసుకోలేదు.

మా రోజుల్లో ఈ కారులెక్కడివి? మా నాయనమ్మ పెరట్లో కాళ్లు బారజాపి కూర్చునేది. పాదాలు కాస్త ఎడం చేసి, వాటి మీద పసివాణ్ణి కూర్చోబెట్టుకుని, 'ఉస్స్... ఉస్స్' అనేది. నెలల పిల్లాడికి కూడా ఆ శబ్దంతో పని గుర్తొచ్చేది. అవ్వగానే చెంబు నీళ్లతో కడిగి, పాత చీర గుడ్డతో తుడిచి, పిర్ర మీద ఒక్క చరుపు చరిచి వదిలేది. కింద ఇంత పొయ్యి బూడిద చల్లి, పారతో ఎత్తి పెంటదిబ్బలో వేసేది. బహుమతి అంటారా, ఆ చరుపే.

అసలు మాకు ఒంటి మీద మొలతాడు తప్ప ఏముంది గనక! తడిస్తే తొడలకు తెలిసేది, పరిగెత్తేవాళ్లం. డైపరు కట్టుకుని తిరిగేవాడికి తడి తెలిసేదెక్కడ? మాచర్లలో మా మేనమామ గారింట్లో ఏ గదిలో చూసినా నాపరాళ్లే. ఎవరు ఎక్కడ పోసినా బక్కెట్టు నీళ్లు కొట్టి చీపురుతో తోసేస్తే సరి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రాళ్ల మీద నీళ్లు చల్లుకుని పడుకుంటే ఉండేది చూడండీ సుఖం... మీ ఏసీలు ఎందుకు పనికొస్తాయి! ఎక్కడున్నాం? ఆఁ, చుక్కల దగ్గర.

మా కోడలు ఊరుకునే రకం కాదు. "మామయ్యా, ఇదంతా శాస్త్రం" అంటుంది. 1974లోనే అమెరికాలో అజ్రిన్, ఫాక్స్ అని ఇద్దరు మనస్తత్వవేత్తలు, ఒక్క రోజు కూడా పట్టకుండా ఈ విద్య నేర్పొచ్చని ఏకంగా పుస్తకమే రాశారట. పిల్లాడితో బాగా తాగించాలి, చెడ్డీ తడిమి చూస్తూ ఉండాలి, పొడిగా ఉంటే తినడానికో తాగడానికో చేతిలో పెట్టాలి. నేను మాత్రం తగ్గుతానా? బడిపంతులుగా చేసినవాణ్ణి. 1973లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చేసిన పరీక్ష చెప్పాను. బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లలకు ముందే బహుమతి ఆశపెట్టి గీయిస్తే, తర్వాత వాళ్లకి ఆ సరదా తగ్గిపోయిందట.

"అది ఇష్టమై గీసే బొమ్మ మామయ్యా. ఇది ఇష్టమై చేసే పనా?" అంది.

మజ్జిగ ఇమ్మన్నాను.

మజ్జిగతో పాటు ఇంకోటి కూడా ఇచ్చింది. "2014లో స్వచ్ఛ భారత్ వచ్చాక మరుగుదొడ్డి కట్టుకుంటే ప్రభుత్వం 12,000 రూపాయలు ఇచ్చింది కదా, అదేమిటి మరి?" అని. నిజమే. గురజాల వైపు పల్లెలో ఉంటాడు మా తమ్ముడు. 1967లో సాగర్ నీళ్లొదిలాక కాలువ కట్ట దాటి ఇంకెక్కడికీ చెంబు పట్టుకెళ్లని మనిషి. దేశ రాజకీయాలన్నీ అక్కడే తేల్చి వచ్చేవాడు. ఆ డబ్బు చేతికి రావాలంటే ఫోటో కావాలన్నారు. మీసాలు దువ్వుకుని, ఉతికిన పంచె కట్టుకుని, కొత్త దొడ్డి తలుపు పక్కన పెళ్లికొడుకులా నిలబడి దిగాడు. కాలువ కట్ట మీద కబుర్లు పోయాయని ఇప్పటికీ ఏడుస్తాడు, లోపలికి మాత్రం వెళ్తాడు.

సరే, అంతటి మీసాలకే పన్నెండు వేలు పట్టినప్పుడు బుడ్డోడికి చాక్లెట్టు ఎక్కువని నేను అనడంలేదు. కానీ వాడు మామూలోడు కాడు. దొడ్డికొక చుక్క అని తెలిసిన మర్నాటి నుంచీ వాయిదాల పద్ధతి పెట్టాడు. కాస్త కానిచ్చి లేస్తాడు, చుక్క అంటించుకుంటాడు, కాసేపటికి కడుపు పట్టుకుని మళ్లీ వస్తాడు. పూటకి మూడు చుక్కలు! వాళ్లమ్మ ఇప్పుడు రూలు మార్చింది. మొత్తం అయ్యిందని పెద్దవాళ్లెవరైనా చూసి చెప్తేనే చుక్కట. ఇంట్లో పనీపాటా లేని పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే. పేపరు చేతిలోకి తీసుకుంటానో లేదో, లోపలి నుంచి కేక: "తాతా, వచ్చి చూడు!"