తిన్నని దారి, వాలిన చక్రము

బయటి అంచున గాడులు నిన్న కొన్నంత కొత్తగా నిగనిగలాడుచుండగా, లోపలి అంచున మాత్రము ఉక్కుతీగలు పైకి తేలిన టైరును నా కళ్లయెదుట దొర్లించి, “ఇక ఇవి పనికిరావు, నాలుగూ మార్చవలె”నని షాపువాడు తీర్పు చెప్పిననాటినుండి నాకు అన్నము సహించుట లేదు.

స్పోర్ట్సు కారు చక్రములు పైభాగమున లోనికి వాలియుండును. నెగటివ్ కాంబర్ అందురు. మలుపులో బండి ఒరిగినపుడు బయటివైపు టైరు నేలను నిండుగా పట్టవలెనని ఈ ఏర్పాటు. బాగున్నది, కాని మేముండు డల్లాసు ఉత్తరపు శివారులలో దారులు మైళ్లకొలది తిన్నగా పోవును; అచట లోపలి అంచే అరుగును. దానికి తోడు టో, అనగా చక్రము ముందువైపు లోనికో వెలికో తిరిగియుండు కోణము, రవంత తప్పెనా, కాంబర్ తీరుబడిగా తినుదానిని అది ఆవురావురుమని తినివేయును. “కాంబర్ తగ్గించెయ్ మామయ్యా, మలుపుల్లో పట్టు కాస్త తగ్గుతుందంతే” అని మా మేనల్లుడు. మలుపెక్కడున్నదిరా అనిన సమాధానము లేదు.

పోనీ, ముందువి వెనుకకు మార్చి నష్టమును సమముగా పంచుదమన్న, కొలతలు వేరు. ప్రసిద్ధమైన పోర్షే 911 కరేరా 992 తరమునే చూడుడు: ముందు 235/40 జెడ్‌ఆర్ 19, వెనుక 295/35 జెడ్‌ఆర్ 20.

ఈ అంకెల సంగతి ఎత్తక తప్పదు. 295 అనునది వెడల్పు, మిల్లీమీటర్లలో. మెట్రిక్ పద్ధతి కాబోలునని మనస్సు కుదుటపడులోగా 35 వచ్చును. అది వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలుపును. గుణించి భాగించి 103 మిల్లీమీటర్లని తేల్చులోగా 20 ప్రత్యక్షమగును, అవి అంగుళములు! జెడ్ అనగా గంటకు 240 కిలోమీటర్లు దాటిన వేగమునకు తగినదని. నా స్పీడోమీటరేమో మైళ్లలో. గాలి పౌండ్లలో. గాడుల లోతును కొలుచుట అంగుళములో ముప్పదిరెండవ వంతులలో. రెండు వంతులకంటె తగ్గిన చట్టమొప్పదు. ఒక్క రబ్బరు చక్రముమీద ఫ్రెంచి విప్లవము, బ్రిటిషు సామ్రాజ్యము, ఐదవ తరగతి లెక్కల పుస్తకము కలిసి కాపురము చేయుచున్నవి; అద్దె నేను కట్టుచున్నాను.

ముందు సన్నము, వెనుక వెడల్పు ఎందుకనిన, ముందు చక్రములు ముందుగా పట్టు వదలిన సామాన్య చోదకుడు కాలు తీసి బ్రతుకును; వెనుకవి వదలిన బండి గిరగిర తిరుగును. ఈ పట్టు భేదమునే గాలితో సాధింపనెంచి, వెనుక ఇంజనుగల షెవ్రొలే కొర్వెయిర్‌కు 1960లో ముందు టైర్లలో 15 పౌండ్లు, వెనుకవాటిలో 26 పౌండ్లు గాలి పెట్టుమనిరి. అన్నిటికీ ఒకటే గాలి కొట్టు లోకమిది. కార్ల భద్రతపై రాల్ఫ్ నేడర్ 1965 నాటి తన గ్రంథమున మొదటి అధ్యాయమంతయు ఆ బండికే కేటాయించెను.

కొన్ననాడు నా మనస్సున ఘాటు రోడ్డుండెను. నడిపినది ఆఫీసుకు, కూరగాయల కొట్టుకు. రానున్న మలుపుకొరకు ఒదిగి సిద్ధముగా నిలిచినది, ఆ మలుపు రాకమునుపే అరిగిపోవుట చూడ నాకు నవ్వు రాలేదు. అది టైరు సంగతి మాత్రమేనని నన్ను నేను నమ్మించుకొనలేకపోతిని కూడ.

కావున స్పోర్ట్సు కారు కొనదలచిన పాఠకులారా, నాలుగు చక్రములును ఒకే కొలతవేనా యని ముందుగా అడుగుడు. మాజ్డా ఎమ్‌ఎక్స్-5 వంటివి అట్టివే. ఇదివరకే కొనియున్నచో నెలకొకసారి లోపలి అంచు చూచుకొనుడు. ముందు టైర్లకు స్టీరింగు పూర్తిగా తిప్పిన చాలును. వెనుకవాటికి నేలమీద పరుండవలెను.