మూడొందల లెక్క

లెక్కలు చెప్పడమే పనిగా బతికిన గొంతుకు ‘నేను’ అనడం రాదు. అందుకే కాకినాడలోని ఓ ల్యాబులో కూర్చుని రక్తకణాలను ఎంచే ఈ సీబీపీ మిషను తన కథను పక్కింటివాళ్ల సంగతిలా చెప్పుకుంటుంది.

వంశం గొప్పదే. మూలపురుషుడు వాలెస్ కూల్టర్. సన్నటి రంధ్రంలోంచి రక్తకణాలు ఒక్కొక్కటే దాటేటప్పుడు కరెంటులో వచ్చే తేడాను పట్టుకుంటే వాటిని లెక్కపెట్టొచ్చని కనిపెట్టి, 1953లో అమెరికాలో పేటెంటు పొందాడు. అంతకుముందు మైక్రోస్కోపు కింద కళ్లు కాయలు కాసేలా ఎంచాల్సిందే. ఈ బల్ల మీద దీనికి ముందున్నది త్రీ పార్ట్ మిషను. అది తెల్లకణాలను మూడు గుంపులు చేసి ఊరుకునేది. ఇసినోఫిల్స్ మధ్య గుంపులో కలిసిపోయేవి. ఇది ఫైవ్ పార్ట్. ఊదారంగు మూత గొట్టంలోంచి చుక్క రక్తం పీల్చి, ఐదు రకాలనూ విడదీసి చెబుతుంది.

ఆ ఐదింట్లో ఇసినోఫిల్‌కు మన ఇళ్లల్లో ఎప్పటినుంచో పేరుంది. పొద్దున్నే వరుసగా తుమ్మితే చాలు, “ఇస్నోఫీలియా” అనేస్తారు. సీఓపీడీ రోగి రిపోర్టులో మాత్రం ఆ అంకెను పట్టించుకున్నవాళ్లు తక్కువ. సీఓపీడీ బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ తెచ్చే ఊపిరితిత్తుల జబ్బు. అందులో న్యూట్రోఫిల్స్‌దే పెత్తనమని నమ్మకం.

ఆ నమ్మకం మెల్లగా కదిలింది. 2012లో బ్రిటన్ పరిశోధకులు ఆయాసం ముదిరిన సీఓపీడీ రోగుల రక్తం చూసి, ఇసినోఫిల్స్ తక్కువున్నవాళ్లకు స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వకుండా చూశారు. వాళ్లకేమీ నష్టం జరగలేదు. 2014లో వచ్చిన విజ్‌డమ్ ట్రయల్‌లో ఇన్‌హేలర్ నుంచి స్టెరాయిడ్‌ను మెల్లగా తీసేశారు. మొత్తమ్మీద జబ్బు తిరగబెట్టడంలో తేడా రాలేదు గానీ, తర్వాత లెక్కలు తిరగేస్తే మైక్రోలీటరుకు 300 దాటినవాళ్లకు జబ్బు ఎక్కువసార్లు తిరగబెట్టిందని తేలింది. 2019లో సీఓపీడీ వైద్యానికి దారి చూపే గోల్డ్ మార్గదర్శకాలు ఆ అంకెకు పీట వేశాయి: పదేపదే ఆయాసం ముదిరేవాళ్లకు 300 పైనుంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ బాగా పనిచేయొచ్చు, 100 లోపుంటే ప్రయోజనం అనుమానమే. ఆ ఇన్‌హేలర్ వల్ల న్యుమోనియా ముప్పు ఉంటుంది కాబట్టి ఈ తూకం అవసరమైంది. 300 పైనున్నవాళ్ల మీదే పరీక్షించిన డుపిలుమాబ్ ఇంజెక్షన్ ఒక ట్రయల్‌లో ఆయాసం ముదరడాన్ని 30 శాతం తగ్గించింది. 2024లో అమెరికా అనుమతి దొరికింది.

ఇంత పెద్దరికం వచ్చినా మిషనుకు ఎంచడమే తెలుసు, ఎందుకు పెరిగాయో తెలియదు. నులిపురుగులున్నా పెరుగుతాయి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వల్ల రాత్రిపూట దగ్గు పట్టుకున్నవాళ్లలో 3000 కూడా దాటుతాయి. అసలు సీఓపీడీ ఉందో లేదో తేల్చేది స్పైరోమెట్రీ. గొట్టంలోకి గట్టిగా ఊదాల్సిందే.

ఆ మధ్య ఒక తాతగారు ఆర్‌ఎంపీ ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు వేసుకుని మర్నాడు రక్తం ఇచ్చారు. 40 వచ్చింది. లెక్క సరైనదే; ఇసినోఫిల్స్‌ను రక్తంలోంచి తరిమేసింది ఆ మాత్రలే.

“ఈ కోర్సు అయ్యాక కొన్ని వారాలు ఆగి మళ్లీ రండి తాతగారూ. ఈలోగా పాత రిపోర్టులుంటే మనవడితో పంపించండి” అన్నారు డాక్టరుగారు.

మనవడు రెండు కాగితాలు తెచ్చాడు. నిరుటిది 410 చూపింది. రెండోది త్రీ పార్ట్ రోజులనాటిది; అందులో ఇసినోఫిల్స్‌కు గడే లేదు.